బొమ్మకు కన్ను దిద్దే కుంచె గురించి కూడా మాట్లాడుకుందాం

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. కొండపల్లి బొమ్మల గురించి ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తెల్లపొణికి కర్రను ఆరబెట్టడం, తేలికైన ఆ చెక్కను భాగాలుగా చెక్కడం, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికించడం, సున్నపు పూత వేయడం, చివరికి రంగులు అద్దడం అన్నీ వరుసగా, చదివినవారి కళ్లకు కట్టేటట్లు రాశారు. అయితే ఆ రంగును చెక్క మీదికి చేర్చే కుంచె గురించి మాత్రం ‘సన్నని కుంచెలతో’ అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. ఇది మీ వ్యాసంలోని లోపమని అనడం లేదు. మన బొమ్మల మీద వచ్చే రాతలన్నింటిలోనూ కర్రకూ రంగుకూ దక్కిన చోటు కుంచెకు దక్కడం లేదు. ఆ ఒక్క మాట వెనుక చెప్పవలసింది చాలా ఉందన్న నమ్మకంతో, కొంచెం పెద్దదే అయినా, ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం బోధించి పదవీ విరమణ చేశాను. మా ఇంట సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువు కోసం జానెడు ఎత్తు కూడా లేని మట్టి బొమ్మలకూ కర్ర బొమ్మలకూ రంగులు వేయడం, మా అత్తగారి కాలం నాటి బొమ్మలకు రంగు రాలిన చోట మళ్లీ దిద్దడం 40 ఏళ్లుగా చేస్తున్నాను. ఇప్పుడు ఇదే పనిని ఇంట్లో నేర్చుకోవాలనుకునే పిల్లలు, ఉద్యోగస్థులు, గృహిణులు చాలామంది కనిపిస్తున్నారు. వారంతా నన్ను మొదట అడిగేది ఏ రంగులు కొనాలనే. ఏ కుంచె కొనాలని అడిగేవారు అరుదు. అడగకుండానే దుకాణానికి వెళ్లి, ఉన్నవాటిలో అన్నింటికన్నా సన్నని కుంచెను తెచ్చుకుంటారు. మొదటి పొరపాటు అక్కడే జరుగుతుంది.

బొమ్మ చిన్నది కాబట్టి కుంచె కూడా చిన్నదే కావాలనుకోవడం సహజం. రెండంగుళాల ఎత్తున్న గీతకార్మికుడి బొమ్మకు కన్ను పెట్టాలంటే ఆవగింజంత చోటు కూడా ఉండదు కదా, దానికి మూడు సున్నాల కుంచె, వీలైతే ఐదు సున్నాల కుంచె (సున్నాలు పెరిగేకొద్దీ కుంచె సన్నబడుతుంది) ఉండాలని అనుకుంటారు. కానీ గీత సన్నదనం కుంచె మొన మీద ఆధారపడి ఉంటుంది తప్ప వెంట్రుకల కుచ్చు లావు మీద కాదు. మంచి మొన తేలిన ఒకటో నంబరు గుండ్రటి కుంచె కొసతో మూడు సున్నాల కుంచె గీసినంత సన్నని గీతనే గీయవచ్చు. పైగా ఒకటో నంబరు కుంచెకు ఒక చక్కని పొట్ట ఉంటుంది. రంగు నిలిచేది ఆ పొట్టలోనే. ప్రమిదలోని నూనెను వత్తి పైకి లాగి వెలుగుకు అందించినట్లే, పొట్టలో ఉన్న రంగును వెంట్రుకల మధ్య సందులు మొనకు నెమ్మదిగా అందిస్తూ ఉంటాయి. ఐదు సున్నాల కుంచెకు ఆ పొట్టే ఉండదు. నాలుగు వెంట్రుకల మీద నిలిచే ఆ కాస్త రంగు, ముఖ్యంగా నీటితో కలిపి వాడే, త్వరగా ఆరిపోయే యాక్రిలిక్ రంగు, ఎండాకాలంలో మా విజయవాడ ఇళ్లలో, పైన పంకా తిరుగుతుండగా, కుంచె పళ్లెం నుంచి బొమ్మ దాకా వచ్చేలోపే మొన మీద ఎండిపోతుంది. గీత తెగిపోతుంది. నేర్చుకునేవారు అది తమ చేతి వణుకని భ్రమపడి నిరుత్సాహపడతారు. చేతిలో ఏ లోపమూ లేదని, కుంచె మార్చితే చాలునని చెప్పి, ఒకటో నంబరు కుంచె ఇచ్చి, మళ్లీ గీయించిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి.

నా అనుభవంలో అరచేతిలో ఇమిడే బొమ్మలకు మూడు రకాల కుంచెలు చాలు. ఒంటి రంగుకూ బట్టలకూ మూడో నంబరు గుండ్రటిది, అంచులకూ ముఖానికీ ఒకటో నంబరుది, పీటలూ చెట్ల మొదళ్లూ వంటి చదునైన చోట్లకు అరంగుళం లోపు వెడల్పున్న చదును కుంచె. ఒక కంపెనీ ఒకటో నంబరు ఇంకో కంపెనీ సున్నా నంబరుతో సమానంగా ఉండవచ్చు. నంబర్లకు అందరూ పాటించే ఒకే కొలత లేదు. కనుక నంబరును నమ్ముకోకుండా కంటితో చూసి కొనాలి.

కంటితో చూడడమంటే ఎలాగో కూడా చెప్పాలి. దుకాణంలో కొత్త కుంచె మొన సూదిలా నిలబడి ఉంటుంది. అది ఆ కుంచె గొప్పతనం కాదు, రవాణాలో చెదరకుండా తయారీదారు పెట్టిన జిగురు బలం. ఆ జిగురును నీళ్లలో కరిగించి, కుచ్చును పూర్తిగా తడిపి, మణికట్టుతో ఒక్కసారి విదిలిస్తే, వెంట్రుకలన్నీ తమంతట తాముగా ఒకే కొసకు చేరాలి. రెండు కొసలుగా చీలినా, ఒక వెంట్రుక పక్కకు నిలబడినా ఆ కుంచె ముఖం దిద్దడానికి పనికిరాదు. తరువాత తడి మొనను గోటి మీద మెల్లగా వంచి వదిలితే అది తిరిగి నిటారుగా లేవాలి. ఈ రెండు పరీక్షలకూ ఒక చిన్న గ్లాసు నీళ్లు చాలు. కుంచెలమ్మే ప్రతి దుకాణంలోనూ ఆ గ్లాసు ఉండాలని నా కోరిక. అడిగితే విసుక్కునేవారు ఉన్నారు, సంతోషంగా నీళ్లు తెచ్చి ఇచ్చేవారూ ఉన్నారు. వెంట్రుకలను కర్రకు పట్టి ఉంచే లోహపు తొడుగును కూడా తిప్పి చూడాలి. రేకును చుట్టి అతికించిన తొడుగులో అతుకు సందు గుండా నీరు చేరి కర్ర ఉబ్బుతుంది, కొన్నాళ్లకు తొడుగు వదులవుతుంది. అతుకు లేని తొడుగు ఉన్న కుంచెకు పది రూపాయలు ఎక్కువైనా అది దండగ కాదు.

ఇక ఈ లేఖ రాయడానికి నన్ను ఎక్కువగా పురికొల్పిన విషయానికి వస్తాను. కుంచెలోని వెంట్రుక ఏ ప్రాణిది?

మన హస్తకళల్లో ఇది కొత్త ప్రశ్న కాదు. కొండపల్లిలో మేక వెంట్రుకల కుంచెలు, గుడ్డ మీద కథల పటాలు గీసే చేర్యాల నకాషీ చిత్రకారుల దగ్గర ఉడుత వెంట్రుకల కుంచెలు సంప్రదాయంగా వాడుకలో ఉన్నాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కుంచెకు బదులు వెదురు కలం ఉంటుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలకైతే తిరుగుతున్న చెక్క మీద లక్కనే ఒత్తుతారు గనుక రంగు పూతకు కుంచె అవసరమే రాదు. ఈ వెంట్రుకల్లో దేని గుణం దానిది. మేక వెంట్రుక మెత్తగా ఉండి నీటిని బాగా పీల్చుకుంటుంది కానీ వంచితే తిరిగి లేవదు, కాబట్టి విశాలమైన చోట పలుచని రంగు పరచడానికి మేలు. పంది వెంట్రుక బిరుసుగా ఉంటుంది, చిన్న బొమ్మ ముఖం జోలికి దాన్ని తీసుకుపోకూడదు. ‘కామెల్ హెయిర్’ అని ముద్రించి అమ్మే కుంచెలో ఒంటె వెంట్రుక ఉండదు, అది సాధారణంగా ఉడుతదో మేకదో గుర్రపుదో అయి ఉంటుంది. ప్రపంచమంతటా సూక్ష్మమైన పనికి అత్యుత్తమమని పేరుపొందిన కొలిన్‌స్కీ సేబుల్ కుంచె సైబీరియా ప్రాంతపు ఒక జాతి వీసెల్ (సన్నగా పొడవుగా ఉండే చిన్న మాంసాహార జంతువు) తోక వెంట్రుకలతో తయారవుతుంది. విన్సర్ అండ్ న్యూటన్ సంస్థ 1866లో విక్టోరియా రాణి కోసం చేసిన ఏడో నంబరు కుంచెల నుంచే వారి సిరీస్ 7 అన్న పేరు వచ్చిందని చెబుతారు. ఆ వీసెల్ మన హిమాలయ ప్రాంతంలోనూ ఉంది, దాని అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ కోరుతూ దానిని సైట్స్ (వన్యప్రాణుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) మూడో అనుబంధంలో చేర్పించింది భారతదేశమే.

మన మార్కెట్లో చాలాకాలం రాజ్యమేలింది మాత్రం ముంగిస వెంట్రుక. అది దృఢంగా ఉంటుంది, వంచితే లేస్తుంది, మొన తేలుతుంది, నూనె రంగునూ నీటి రంగునూ ఒకేలా పట్టుకుంటుంది. ఆ మంచి గుణాలే ఆ ప్రాణికి శాపమయ్యాయి. మన దేశంలో ఉన్న ఆరు జాతుల ముంగిసలూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవే. వాటిని వేటాడడమూ, వాటి వెంట్రుకలతో చేసిన కుంచెలను అమ్మడమూ నేరం. అయినా వలలూ ఉచ్చులూ పన్ని వాటిని పట్టి చంపడం సాగుతూనే వచ్చింది. ఒక కిలో కుంచె వెంట్రుక కోసం సుమారు 50 ముంగిసలు చావవలసి వస్తుందని వన్యప్రాణి సంరక్షకుల అంచనా. 2019 అక్టోబరులో వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో ‘ఆపరేషన్ క్లీన్ ఆర్ట్’ పేరుతో కుంచెల తయారీకి ప్రసిద్ధమైన ఉత్తరప్రదేశ్‌లోని షేర్‌కోట్‌తో పాటు పలు రాష్ట్రాల్లో ఒకేసారి దాడులు జరిపి వేల సంఖ్యలో ఇలాంటి కుంచెలను స్వాధీనం చేసుకుంది.

ఆ వార్త చదివిన రోజు నేను నా కుంచెల పెట్టె తెరిచి కిటికీ దగ్గర కూర్చున్నాను. ముంగిస వెంట్రుకను గుర్తించడానికి ఒక ఆనవాలు చెబుతారు. కొస ముదురు గోధుమ రంగులో, నడుమ లేత మీగడ రంగులో, మొదలు మళ్లీ ముదురుగా ఉంటుంది. నా దగ్గరున్న కుంచెల్లో నాలుగింటికి ఆ చారలు స్పష్టంగా కనిపించాయి. ఏళ్ల తరబడి నేనెంతో ఇష్టంగా బొమ్మల కళ్లు దిద్దిన కుంచెలవి. అమ్మినవారు వాటిని ‘హెయిర్ బ్రష్’ అనే అన్నారు, ఏ హెయిర్ అని నేనూ అడగలేదు. పసిబిడ్డను పాము నుంచి కాపాడి, మూతికంటిన నెత్తురు కారణంగా యజమానురాలి తొందరపాటుకు బలైన ముంగిస కథను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో నాకు గుర్తు లేదు. ఆ కథ విని కన్నీళ్లు పెట్టుకున్న పిల్లల చేతికే మరుసటి గంటలో ఆ కుంచెలు ఇచ్చి ఉంటానన్న ఆలోచన ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. ఆ రోజు నుంచి నేను ఊరూపేరూ లేని వెంట్రుక కుంచెను కొనడం మానేశాను.

మానేస్తే పని సాగుతుందా అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే. సాగుతుంది, యాక్రిలిక్ రంగులతో అయితే మరింత బాగా సాగుతుంది. నైలాన్, పాలియెస్టర్ పోగులతో చేసిన సింథటిక్ కుంచెలు నేను పని మొదలుపెట్టిన రోజుల్లో చీపురు పుల్లల్లా ఉండేవి. ఇప్పుడు పోగు కొసను సూదిలా సన్నగా తేల్చడం తయారీదారులకు తెలిసింది. యాక్రిలిక్ రంగు ఎండితే ప్లాస్టిక్ పొరలా మారి జంతువుల వెంట్రుకను పెళుసు చేస్తుంది, సింథటిక్ పోగుకు ఆ బాధ తక్కువ. సున్నపు పూత వేసిన చెక్క ఎంత రుద్దినా కొంత గరుకుగానే ఉంటుంది. ఆ గరుకుదనానికి అరిగిపోయే కుంచె ఖరీదు తక్కువగా ఉంటేనే నేర్చుకునేవారు భయపడకుండా పని చేస్తారు. సింథటిక్ కుంచెకున్న అసలు లోపం, కొన్నాళ్లు వాడాక కొస ఒక పక్కకు కొక్కెంలా వంగిపోవడం. వేడి నీళ్లలో ఆ కొసను కొద్ది క్షణాలు ముంచి, వేళ్లతో తిన్నగా దువ్వి, పడుకోబెట్టి ఆరనిస్తే చాలావరకు నిటారవుతుంది. మరుగుతున్న నీళ్లు మాత్రం వాడకూడదు. లోహపు తొడుగులోని జిగురు మెత్తబడి పోగులు ఊడివస్తాయి.

కుంచె ఎంత మంచిదైనా దాన్ని పాడుచేసేది వాడే పద్ధతే. రంగులో కుంచెను తొడుగు దాకా ముంచడం చాలామందికి అలవాటు. కుచ్చులో సగం మునిగితే చాలు. తొడుగులోపలికి వెళ్లిన రంగు కడిగినా రాదు. అక్కడే గట్టిపడి వెంట్రుకలను లోపలి నుంచి విడదీస్తుంది, ఇక ఆ కుంచెకు మొన అనేది ఉండదు. రంగును పాల చిక్కదనానికి పలుచన చేసుకుని, కుంచె నింపుకున్నాక పాత నూలు గుడ్డ మీద ఒక్కసారి తాకించి, ఎక్కువైన తడిని వదిలించి, మొనను తిప్పుతూ సవరించుకుని, అప్పుడు బొమ్మ మీద పెట్టాలి. చిక్కటి రంగుతో ఒక్క పూతలో ముగించాలన్న తొందర వల్ల చెక్కడంలో వచ్చిన ముక్కు పుటాలు, చీర కుచ్చిళ్లు పూడిపోతాయి. పలుచని పూతలు రెండో మూడో వేస్తే బొమ్మ చెక్కినవాడి పనితనం అలాగే నిలుస్తుంది.

కన్ను దిద్దేటప్పుడు నేను బొమ్మను చేత్తో పట్టుకోను. పాత మందు సీసా మూత మీద మైనంతో నిలబెట్టి, సీసాను ఎడమ చేత్తో పట్టుకుని, రెండు మణికట్లనూ ఒకదానికొకటి ఆనించి, మోచేతులు బల్ల మీద పెడతాను. రెండు చేతులూ ఒకే కట్టులో ఉన్నప్పుడు ఒకటి వణికితే రెండోదీ దానితోపాటే కదులుతుంది గనుక గీత చెదరదు. గీతను ఎప్పుడూ నా వైపుకు లాగుతాను, అవతలికి నెట్టను. నెడితే మొన చీలుతుంది. దేవతా విగ్రహాలకు శిల్పులు నేత్రోన్మీలనాన్ని, అంటే కళ్లు తెరిపించే పనిని, చివరి వరకు ఆపినట్లే నేనూ కళ్లను అన్నింటికన్నా చివర, పగటి వెలుతురులో దిద్దుతాను. ముందు తెలుపు, అది ఆరాక నల్లగుడ్డు, ఆ తరువాత పై రెప్ప మీద కాటుక గీత. కాటుక గీత గీసే కుంచెను నేను మరే పనికీ వాడను.

బంగారు రంగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన బొమ్మలకు కిరీటాలు, వడ్డాణాలు, అంబారీలు లేకుండా కుదరదు. ఆ రంగులోని మెరిసే రేణువులు ఎంత కడిగినా వెంట్రుకల మధ్య కొన్ని మిగిలిపోతాయి. అదే కుంచెతో తరువాత కృష్ణుడి నీలం రంగు వేస్తే ముఖమంతా చుక్కలు మెరుస్తాయి. బంగారానికి ఒక కుంచె, దాన్ని కడగడానికి వేరే గ్లాసు పెట్టుకోవడం తప్పనిసరి. అలాగే నూనె కలిసిన ఎనామిల్ రంగును టర్పెంటైన్‌తో కడగాలి, యాక్రిలిక్‌ను నీటితో కడగాలి. ఈ రెండింటికీ ఒకే కుంచెను మార్చి మార్చి వాడితే రెండు పనులూ చెడతాయి.

పని ముగిశాక కుంచెను నీళ్ల గ్లాసులో తలకిందులుగా వదిలి భోజనానికి వెళ్లడం నేను చూసిన అన్ని ఇళ్లలోనూ ఉన్న అలవాటే. ఆ గంటసేపు కుంచె బరువంతా మొన మీద పడి అది వంగిపోతుంది, కర్ర నీరు పీల్చి పైపూత పెచ్చులూడుతుంది. కుంచెను గోరువెచ్చని నీళ్లలో కడిగి, స్నానపు సబ్బు మీద మెల్లగా తిప్పి, అరచేతిలో నురగ తెల్లగా వచ్చేదాకా రుద్ది, మళ్లీ కడిగి, వేళ్లతో మొన తేల్చి, బల్ల అంచున పడుకోబెట్టి ఆరనివ్వాలి. తడిగా ఉండగా ప్లాస్టిక్ తొడుగు పెడితే మన కోస్తా వానాకాలంలో వెంట్రుకలకు బూజు పడుతుంది. ఇంత చేసినా మొన పోయిన కుంచెను నేను పారేయను. రంగులు కలపడానికి, సున్నపు పూత వేయడానికి, కొసను దాదాపు పొడిగా ఉంచి ఏనుగు చర్మపు ముడతల మీద లేత రంగును రుద్దడానికి అది మరో రెండేళ్లు పనికొస్తుంది. మంచి కుంచెలతో ఈ మోటు పనులు చేయించకపోవడమే వాటి ఆయుష్షును పెంచుతుంది.

కుంచెలమ్మేవారిని మీ పత్రిక ద్వారా ఒకటి కోరుతున్నాను. ప్రతి కుంచె మీద దాని పోగు ఏమిటో, జంతువుదైతే ఏ జంతువుదో, తెలుగులో కూడా ముద్రించి ఉండేలా తయారీదారులను అడగండి. ‘హెయిర్’ అన్న ఒక్క మాట చాలదు. బొమ్మల తయారీలోనూ చిత్రలేఖనంలోనూ శిక్షణ ఇచ్చే సంస్థలు మొదటి రోజునే రంగుల పెట్టెతోపాటు ఒక గ్లాసు నీళ్లు పెట్టి, మొన పరీక్షించడమూ కడగడమూ నేర్పాలని నా విన్నపం. నేర్చుకునేవారు సగం డబ్బు పోగొట్టుకునేది ఈ రెండూ తెలియకే. పాఠశాలల్లో చిత్రలేఖనం బోధిస్తున్న నా తోటి ఉపాధ్యాయులు పిల్లల పెట్టెల్లో ఆ మూడు చారల వెంట్రుక కుంచెలు కనిపిస్తే అదేమిటో వారికి చెప్పాలి.

మీ విలేకరి మళ్లీ కొండపల్లి వెళ్లినప్పుడు, అక్కడి కళాకారుల పక్కన కాసేపు కూర్చుని, వారు ముఖం దిద్దే కుంచెను చేతిలోకి తీసుకుని చూడాలని, అది దేనితో చేసినదో, ఎక్కడ కొన్నారో, ఎన్నాళ్లు వస్తుందో, పాడయ్యాక దాన్ని ఏం చేస్తారో అడిగి రాయాలని కోరుతున్నాను. ఆ వ్యాసం కోసం ఎదురుచూస్తూ ఉంటాను.

ఇట్లు,
విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయురాలు,
విజయవాడ